అవ్వా కావాలి, బువ్వా కావాలి

పోయిన సంచికలో బ్రేకుల గురించి రాశాక చాలామంది పలకరించారు. ఉగాది సంబరాల్లో భోజనాల వరసలో నిలబడి ఉండగా ముగ్గురు ఒకే ప్రశ్న వేశారు. "కారు పాతబడింది, గతుకుల్లో పడవలా ఊగుతోంది. షాకబ్జర్లు ఎలాగూ మార్చాలి కదా, మావాడు కాయిలోవర్లు వేయిద్దామంటున్నాడు. వేయించమంటారా?" ఆ ముగ్గురిలో ఇద్దరికి స్పోర్ట్స్ కారు ఉంది, ఒకరికి మినీవ్యాన్. మినీవ్యాన్ వారికి పులిహోర అందేలోపే జవాబు చెప్పేశాను. మిగిలిన ఇద్దరి కోసం ఈసారి శీర్షిక.

మా ఇంట్లోనూ ఈమధ్యే ఈ పంచాయితీ నడిచింది కనుక మా కారునే ఉదాహరణగా తీసుకుంటాను. అది 2003 నాటి మాజ్దా మియాటా, రెండు సీట్ల బుల్లి కారు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి కనిపించిన ఈ మోడల్, 2016 నాటికి పది లక్షల కార్ల మైలురాయి దాటింది. బరువు 2,400 పౌండ్ల లోపే. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. వారంలో అయిదు రోజులు మా అమ్మాయి దాన్ని కాలేజీకి తీసుకెళుతుంది. ఏడాదికి నాలుగైదు వారాంతాలు నేను వెస్ట్ వర్జీనియాలోని సమిట్ పాయింట్ ట్రాక్‌కి తీసుకెళతాను. రెండు మైళ్ళ ట్రాక్, పది మలుపులు. అంటే ఒకే కారుకి ఇద్దరు యజమానులు, రెండు ఉద్యోగాలు. ఇరవై ఏళ్ళు దాటిన షాకబ్జర్లు నూనె కక్కడం మొదలుపెట్టాయి.

మా అమ్మాయి కోరిక ఒక్కటే. "నాన్నా, కారు రెండంగుళాలు కిందికి దించుదాం. భలే ఉంటుంది." మా ఆవిడ కోరిక కూడా ఒక్కటే. "ఏమండీ, అదేదో ఇండియా టిక్కెట్టు ఖర్చులోపు తేల్చండి. పిల్ల వానలో నడిపే కారు, అది మరిచిపోకండి." మా వృత్తిలో దీన్నే రిక్వైర్‌మెంట్స్ మీటింగ్ అంటారు. మామూలుగా క్లయింటు దగ్గర ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పరు.

పిల్లలూ, ముందు సస్పెన్షన్ ఏం చేస్తుందో చూద్దాం. కారుకీ రోడ్డుకీ మధ్య ఉన్న సంబంధమల్లా నాలుగు టైర్ల కింద అరచేయంత రబ్బరు. ఆ నాలుగు అరచేతులూ నేలని వదలకుండా చూడటమే సస్పెన్షన్ అసలు పని. స్ప్రింగు బరువు మోస్తుంది. కానీ స్ప్రింగుకి మతిమరుపు లేదు. ఒకసారి నొక్కితే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపేది షాకబ్జరు. లోపలి పిస్టన్ సన్నటి దారుల గుండా నూనెని నెట్టి, ఊగే శక్తిని వేడిగా మారుస్తుంది. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు ఆపకుండా తిప్పితే పాత షాకబ్జర్లు నీరసించిపోయేది ఆ వేడికే. ఒకే గొట్టంలో నూనెనీ, ఒత్తిడితో నింపిన వాయువునీ విడదీసి ఉంచే మోనోట్యూబ్ రకాలు వేడిని బాగా తట్టుకునేదీ అందుకే.

ఇక స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి? ఇక్కడ స్ప్రింగులని అంగుళానికి ఇన్ని పౌండ్లు అని కొలుస్తారు. 320 స్ప్రింగు అంటే, అంగుళం నొక్కడానికి 320 పౌండ్ల బరువు కావాలి. కానీ చక్రం అంగుళం లేచినప్పుడు స్ప్రింగు అంగుళం నొక్కుకోదు, మధ్యలో ఉన్న చేయి మీటలా పనిచేస్తుంది. స్ప్రింగు 0.7 అంగుళమే కదిలిందనుకుంటే, చక్రం దగ్గర ఆ స్ప్రింగు బలం 0.7ని 0.7తో గుణించినంత, అంటే సుమారు సగమే.

ఈ లెక్క మా అమ్మాయి చేతనే వేయించాను. ముందు చక్రం ఒక్కోటీ మోసే బరువు 250 కిలోలనుకుంటే, 320 స్ప్రింగుతో కారు సెకనుకి సుమారు 1.7 సార్లు ఊగుతుంది. ట్రాక్ మిత్రులు మెచ్చుకునే 700 స్ప్రింగుతో 2.5 సార్లు. మెత్తటి ఫ్యామిలీ కార్లు ఒకటికి కాస్త అటూ ఇటూ ఉంటాయి. "2.5 అయితే ఏమవుతుంది నాన్నా?" అంది. నున్నటి ట్రాక్ మీద ఏమీ కాదు, ఇంకా చురుగ్గా తిరుగుతుంది. చలికాలం మంచుకి పగిలి, అతుకుల బొంతలా ఉన్న మన రోడ్ల మీద మాత్రం చక్రం గతుకులోకి దిగడం మానేసి గతుకు మీదుగా గెంతుతుంది. గెంతిన చక్రానికి పట్టు ఉండదు. అసలే వానలో, మలుపులో ఉన్నప్పుడు గెంతితే ఏమవుతుందో నేను చెప్పలేదు. కాసేపు ఆ లెక్క కాగితం వైపు చూసి, తనే పక్కన పెట్టింది.

రెండంగుళాలు దించడం సంగతీ అంతే. కారు కిందికి వస్తే బరువు కేంద్రం దిగుతుంది, నిజమే. కానీ చక్రం పైకి లేవడానికున్న జాగాలోంచి ఆ రెండంగుళాలూ పోతాయి. జాగా అయిపోగానే బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మకి తగులుతుంది. ఆ క్షణంలో స్ప్రింగు ఉన్నట్టుండి చాలా గట్టిపడినట్టు లెక్క. సస్పెన్షన్ చేతుల కోణాలు కూడా చెడి, మలుపులో కారు ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. అందుకే మేము ముప్పావు అంగుళం దగ్గర రాజీ పడ్డాం.

బజారులో ఉన్నవి స్థూలంగా మూడు దారులు. మొదటిది, పాత స్ప్రింగులు ఉంచి మంచి షాకబ్జర్లు మాత్రం మార్చడం. బిల్‌స్టైన్ వారి బి6 ఇలాంటిదే. కారు దించితే వాడవలసింది వాళ్ళదే బి8. రెండోది, కొంచెం గట్టి స్ప్రింగులూ, సర్దుకునే వీలున్న షాకబ్జర్లూ కలిపి వేయడం. 1857లో గుర్రపు బగ్గీల సరంజామాతో మొదలైన డచ్ కంపెనీ కోని వారి పసుపు రంగువి ఈ కోవలోవి. వీటిలో స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని మాత్రం మార్చుకోవచ్చు. మూడోది, ఎత్తు కూడా మార్చుకోగల కాయిలోవర్లు. వీటిలో చాలా మంచివీ ఉన్నాయి, రంగు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. ముప్ఫై రెండు మెట్ల మీట ఉందని మురిసిపోకండి. లోపల వాల్వు మంచిది కాకపోతే, ఉప్పు లేని పప్పుని ఎన్ని గరిటెలతో వడ్డించినా ఒకటే రుచి.

మేము రెండో దారి ఎంచుకున్నాం. ముందు 320, వెనక 230 స్ప్రింగులు. మిగిలిన డబ్బుతో చీలికలు వచ్చిన రబ్బరు బుష్‌లన్నీ మార్పించాం. ఆ బోల్టులని చివరిసారి బిగించేటప్పుడు కారు బరువు చక్రాల మీదే ఉండాలని మెకానిక్‌కి గుర్తు చేయండి, లేకపోతే కొత్త బుష్‌లు మెలిపడి త్వరగా చిరుగుతాయి. ఆ తర్వాత వీల్ ఎలైన్‌మెంట్ తప్పనిసరి. స్ప్రింగు నొక్కి తీసే పని మాత్రం గరాజులో సరదాకి చేయకండి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం మీదికి వస్తుంది.

సర్దుబాటుకి ఒక సులువు. మెత్తటి మెట్టు దగ్గర మొదలుపెట్టి, ఊగడం ఆగేవరకే బిగించండి. అంతకు మించితే చక్రం మొదటి గతుకు నుంచి తేరుకోకముందే రెండోది వచ్చేస్తుంది.

ఇంకో చిట్కా, రూపాయి ఖర్చు లేనిది. షాకబ్జరు కడ్డీకి ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించండి. సస్పెన్షన్ ఎంత నొక్కుకుంటే అది అంత దూరం జరిగి అక్కడే ఆగిపోతుంది. మా కారుకి అలా కట్టి, ఒక వారాంతం ట్రాక్ మీద నేనూ, తర్వాతి వారం కాలేజీ దారిలో మా అమ్మాయీ నడిపాం. జిప్ టై ఎక్కువ దూరం జరిగింది ట్రాక్ మీద కాదు, కాలేజీ దారిలో! "చూశావా నాన్నా, నా డ్రైవింగే కష్టం" అంది. కాదనలేకపోయాను. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి వెళతారు, జెండా చూపించేవారుంటారు. రూట్ 7 మీద గుంతకి ఎవరూ జెండా ఊపరు.

చివరగా, ఖర్చు వరస. ముందు మంచి టైర్లు, కొత్త బ్రేక్ నూనె, ఆ తర్వాతే సస్పెన్షన్. టాపు లేని కారుకి ట్రాక్ మీద రోల్ బార్ ఉండి తీరాలని చాలా నిర్వాహకులు పట్టుబడతారు. వాళ్ళు అడిగినా అడగకపోయినా వేయించండి. మామూలు కారు ఇన్సూరెన్సులు చాలామటుకు ట్రాక్ మీద జరిగినదానికి వర్తించవు. మీ పాలసీ ఒకసారి తీసి చదవండి, కావాలంటే ఆ రోజుకి విడిగా తీసుకోండి.

పిల్లలు కారు దించమని అడిగితే వెంటనే వద్దనకండి. కాగితం, పెన్సిలు చేతికివ్వండి. లెక్క తామే వేసుకుంటే, తేలిన జవాబుని వాళ్ళే నిలబెట్టుకుంటారు. వచ్చే సంచికలో టైర్ల ముచ్చట్లు. అంతవరకు సెలవు.