పరుగో పరుగు... కొండ మీదికి!

కొండ ఎక్కమంటేనే చాలామందికి ఆయాసం. అలాంటిది 4,095 మీటర్ల ఎత్తున్న శిఖరానికి పరుగెత్తి, మళ్లీ పరుగున దిగి రమ్మంటే? మలేసియాలోని సబా రాష్ట్రంలో అచ్చంగా అలాంటి పోటీయే పెట్టారు. ఆ కొండ పేరు కినబాలు. చుట్టూ ఉన్న పార్కును 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. పూర్వీకుల ఆత్మలు అక్కడే విశ్రమిస్తాయని కడజాన్-దుసున్ గిరిజనుల నమ్మకం.

మామూలు యాత్రికులు దీన్ని ఎక్కి దిగడానికి రెండు రోజులు తీసుకుంటారు. మొదట్లో మెట్లూ, చెట్ల వేళ్లూ నిండిన తడి అడవి. పైకెళ్లేకొద్దీ చెట్లు పొట్టివవుతాయి. చివరికి మిగిలేది నున్నటి గ్రానైట్ బండే. వాన పడిందంటే జారుడుబల్ల! అక్కడ తాడే ఆధారం. గాలిలో ఆక్సిజన్ కూడా తక్కువే కాబట్టి ఎంతటి పరుగువీరులైనా నడక అందుకోవాల్సిందే. దిగడం తేలికనుకుంటే పొరపాటు. ఒళ్లు ముందుకు తూలిపోకుండా ఆపుతూ దిగాలి కదా... ఆ భారమంతా తొడలూ మోకాళ్లే మోయాలి.

ఇంతకీ ఈ పరుగు ఎందుకు మొదలైందో తెలుసా? పతకాల కోసం కాదు. ఆపదలో ఉన్నవారిని వేగంగా చేరుకోగల సిబ్బందిని తయారుచేసుకునేందుకు 1987లో పార్కు వాళ్లే ఆరంభించారు.

2015 జూన్ 5న అక్కడ భూకంపం వచ్చింది. బండలు దొర్లిపడి 18 మంది చనిపోయారు. వారిలో గైడ్లూ ఉన్నారు. పైన చిక్కుకుపోయిన వందమందికి పైగా యాత్రికులను జాగ్రత్తగా కిందికి దించడంలో స్థానిక గైడ్లే ముందు నిలిచారు. ఆ కాళ్ల విలువ లోకానికి తెలిసింది ఆ రోజే!