పేనుకొరుకుడు - పేరులోనే పొరపాటు

తల దువ్వుతుంటే ఒకరోజు చెవి వెనకనో, నడినెత్తినో రూపాయి బిళ్లంత మేర నున్నగా కనబడుతుంది. నొప్పి ఉండదు, పుండు ఉండదు. వెంట్రుకలు మాత్రం ఉండవు. "పేను కొరికింది" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. అలా ఈ జబ్బుకు తెలుగునాట పేనుకొరుకుడు అనే పేరు స్థిరపడిపోయింది.

పేరు ఏదైతేనేం అనుకోవచ్చు. కాని ఈ పేరు రెండు విధాలుగా హాని చేస్తున్నదని నా అభిప్రాయం. పేను అనగానే మురికి, అంటు అన్న ఆలోచన వస్తుంది. దాంతో బడిలో ఆ పిల్లవాడి పక్కన కూర్చోవడానికి తోటివారు జంకుతారు. ఇది మొదటి హాని. పురుగు కొరికిందనుకుంటే పురుగుకు తగిన మందే వెతుకుతారు తప్ప, డాక్టరు దగ్గరకు వెళ్లాలని తోచదు. ఇది రెండోది.

ముందు పేను సంగతి చూద్దాం. తలలో పేను 2, 3 మిల్లీమీటర్ల పురుగు. దాని ఆహారం మన రక్తం. అందుకే దాని నోరు గుచ్చి పీల్చడానికి వీలుగా ఏర్పడింది. వెంట్రుకను కొరకడానికి అది పనికిరాదు. పేనుకు వెంట్రుక తిండి కాదు. పట్టుకొని పాకే తాడు, గుడ్లు అతికించే చోటు. దాన్ని కొరికితే తన ఇల్లు తానే కూల్చుకున్నట్టు! పేలు నిండిన తలల్లో ఒత్తైన జుట్టు ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. ఒక్క పేనూ లేని తలకు కూడా ఈ జబ్బు వస్తుంది.

మరి వెంట్రుకలు ఎందుకు ఊడుతున్నాయి? మన రక్తంలోని తెల్లకణాలలో లింఫోసైట్లు అనేవి ఒక రకం. శరీరంలో చొరబడిన సూక్ష్మజీవులను గుర్తుపట్టి ఎదుర్కోవడం వాటి పని. ఒక్కొక్కప్పుడు ఈ కాపలాదారులు పొరబడి సొంత శరీరం మీదనే దాడి చేస్తాయి. ఈ జబ్బులో అవి వెంట్రుక కుదురు చుట్టూ తేనెటీగల్లా ముసురుతాయి. దెబ్బతిన్న కుదురు పని ఆపేస్తుంది. వెంట్రుక ఊడిపోతుంది. మచ్చ అంచున మిగిలిన పొట్టి వెంట్రుకలను భూతద్దంతో చూస్తే పైన లావుగా, మొదలు దగ్గర సన్నగా, ఆశ్చర్యార్థకం గుర్తులా కనబడతాయి. అయితే కుదురు చచ్చిపోదు. అందుకే వెంట్రుకలు మళ్లీ మొలవగలవు. తరచు మొదట తెల్లగా వచ్చి, తర్వాత నల్లబడతాయి.

వైద్యులు దీన్ని అలోపీషియా ఏరియేటా అంటారు. 'అలోపీషియా' అన్నది నక్కకు సంబంధించిన గ్రీకు మాట నుంచి వచ్చింది. గజ్జి పట్టిన నక్కకు బొచ్చు రాలడం చూసి వాళ్లు ఆ పేరు పెట్టారు. వాళ్లకు నక్క గుర్తుకొచ్చింది, మనకు పేను! కారణం తెలియని కాలంలో పెట్టిన పేర్లు ఇలాగే ఉంటాయి. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, తాకితే రాదు.

ఇక నాటు మందుల సంగతి. గురివింద గింజ అరగదీసి పూస్తారు. జిల్లేడు పాలు రాస్తారు. "మా వాడికి దీంతోనే తగ్గింది" అంటారు. వారు అబద్ధమాడుతున్నారని నేననను. కాని ఒకటి రెండు చిన్న మచ్చలే ఉన్నప్పుడు చాలామందికి ఏడాది లోపల ఏ మందూ లేకుండానే జుట్టు వస్తుంది. కోడి కూయడం వల్లనే తెల్లవారిందని నమ్మినట్టు, ఆ ఘనత చివరగా రాసిన మందుకు దక్కుతుంది. మందు రాసినవారినీ రాయనివారినీ పోల్చి చూస్తే తప్ప నిజం తేలదు. చర్మాన్ని కొద్దిగా మండించే మందులను వైద్యులు కూడా కొన్ని సందర్భాలలో వాడతారు. కాని అక్కడ కొలత ఉంటుంది, పర్యవేక్షణ ఉంటుంది. గురివింద గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

"జుట్టే కదా, ప్రాణం పోదు కదా, దీనికి డాక్టరెందుకు?" అని అడిగేవారున్నారు. నా జవాబు ఇది. తల మీద మచ్చగా జుట్టు ఊడితే అది ఈ జబ్బే అని మనం తేల్చలేం. పిల్లల తలకు తామర కూడా వస్తుంది. అది శిలీంధ్రం వల్ల వచ్చేది, నిజంగా అంటుకునేది. దానికి వారాల తరబడి కడుపులోకి మందు వేసుకోవాలి. పేనుకొరుకుడుకు వైద్యులు తరచు స్టెరాయిడ్ మందు వాడతారు. అదే స్టెరాయిడ్ పూతను తామర మీద రాస్తే తామర ముదురుతుంది. అంటే ఒక జబ్బుకు మందైనది ఇంకో జబ్బుకు ఎరువవుతుంది! మందుల దుకాణంలో అడిగి ట్యూబు కొనుక్కోవడం అందుకే ప్రమాదం. చర్మవ్యాధుల డాక్టరు మచ్చను భూతద్దంతో చూస్తారు. అనుమానమైతే కాస్త పొట్టు గీకి, సూక్ష్మదర్శిని కింద శిలీంధ్రపు పోగుల కోసం వెతుకుతారు. మన అనుమానం అక్కడ పరీక్షకు నిలుస్తుంది.

జ్వరం తర్వాత జుట్టు రాలడం వేరే సంగతి. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు తలంతా పలచబడుతుంది. కొన్ని నెలలలో మళ్లీ సర్దుకుంటుంది. మామూలుగానే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతుంటాయి. దువ్వెనలో నాలుగు పోగులు చూసి బెంగపడనక్కరలేదు.

పేనుకొరుకుడు కొందరిలో తలంతా వ్యాపిస్తుంది. తగ్గినా మళ్లీ రావచ్చు. శాశ్వతంగా పోగొట్టే మందు ఇంకా లేదు. అయినా పరిశోధన ఆగలేదు. కీళ్లవాతానికి వాడుతున్న బారిసిటినిబ్ అనే మందును, తీవ్రమైన పేనుకొరుకుడు ఉన్న పెద్దవారి కోసం 2022లో అమెరికా ఆమోదించింది. 2023లో 12 ఏళ్లు దాటినవారికి రిట్లెసిటినిబ్ అనే మరో మందు వచ్చింది. ఇవి దారి తప్పిన తెల్లకణాలకు అందే సంకేతాలను అడ్డుకుంటాయి. రోగనిరోధక శక్తి మీద పనిచేసే మందులు కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. పేనును వెతుకుతూ కూర్చుని ఉంటే ఈ మందులు వచ్చేవే కావు.

పాత పేరు ఒక్క రోజులో పోదు. కాని ఆ పేరు వెనక ఉన్న భయాన్ని మీరు పోగొట్టగలరు. మీ తరగతిలో ఎవరైనా టోపీ పెట్టుకొనో, రుమాలు కట్టుకొనో వస్తే దాన్ని లాగి నవ్వకండి. పక్కనే కూర్చోండి. ఇంట్లో పెద్దలు గురివింద గింజ కోసం వెతుకుతుంటే, ముందు చర్మవ్యాధుల డాక్టరుకు చూపిద్దామని చెప్పండి. ఎందుకని అడిగితే పేను నోరు ఎలా ఉంటుందో వివరించండి. చదువుకున్న సైన్సు ఇంటికి ఉపయోగపడటమంటే అదే కదా!