గడీల కాలం పోయింది, గేట్ల కాలం వచ్చింది

కొత్తగూడ చౌరస్తాలో నిలబడితే ఇప్పుడు కనిపించేవి ఫ్లైఓవరు, అద్దాల మేడలు. గూడెం పేరులోనే మిగిలింది. ఇక్కడికి దగ్గర్లోని కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. ఆ డబ్బు వేడి అక్కడితో చల్లారలేదు. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల దారుల్లో చేలను మింగి ఫామ్‌హౌస్‌లై లేచింది. ఎత్తైన ప్రహరీ, ఇనుప గేటు, లోపల పచ్చిక, ఈతకొలను, నాలుగు మామిడి చెట్లు. కాగితం మీద మాత్రం అది సాగు భూమి, దాని యజమాని రైతు!

ఇలాంటి గోడ తెలంగాణ పల్లెకు కొత్త కాదు. దాన్ని మన తాతలు గడీ అన్నారు. వెట్టి చేసిన చేతులే ఆ గోడ కట్టాయి. దాని ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకుని నడిచింది కూడా ఆ చేతుల వాళ్లే. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవి. అంత భూమి నాగలి పట్టి సంపాదించింది కాదు. పటేలు, పట్వారీ కలం గడీ చేతిలో ఉండేది. రికార్డులో ఎవరి పేరు ఉండాలో, ఎవరిది లేచిపోవాలో గడీలోనే తేలేది.

ఆ గడీని ఎదిరించిన పాలకుర్తి ఐలమ్మ ఎవరు? పట్టాదారు కాదు. మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుని దున్నిన మనిషి. ఆమె పండించిన పంట మీద విసునూరు దొర కన్ను పడింది. సంఘం అండతో ఆమె గింజ పోనీయలేదు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర గూండాలు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. అక్కడి నుంచి గడీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషం. మరి ఐలమ్మలాంటి కౌలు రైతు పేరు సర్కారు రిజిస్టరులో ఎక్కడుంది?

2018లో మొదలైన రైతుబంధు పట్టా చూసింది, పంట చూడలేదు. కౌలు రైతును పక్కన పెట్టింది. వర్షాకాలం, యాసంగి అని రెండుసార్లు పడిన సొమ్ము ఫామ్‌హౌస్ పట్టాకూ చేరింది. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఎకరానికి ఏటా 15 వేలు ఇస్తామని మాటిచ్చారు. 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా 12 వేలకు తగ్గింది, పట్టాదారు దగ్గరే ఆగింది. విత్తనం, ఎరువు, కూలి అన్నీ అప్పుగా తెచ్చి, వాన రాకపోతే మునిగేది ఒకరు. సాయం అందుకునేది మరొకరు.

“వాళ్లు డబ్బు పెట్టి కొనుక్కున్నారు. దొరల్లా వెట్టి చేయించుకోలేదు కదా” అంటారు కొందరు. నిజమే, చేయించుకోలేదు. ఎవరో ఇల్లు కట్టుకున్నారని మన ఏడుపు కాదు. తోట కావాలంటే పెంచుకోనీ, కొలను కావాలంటే తవ్వుకోనీ. పంట పేరు చెప్పి ప్రజల ఖజానా నుంచి తీసే సొమ్ము ఆ గేటు లోపలికి పోవడమే మన తగువు. దున్నేవాడి పేరు కాగితంలో లేకుండా చేయడం గడీ నేర్పిన విద్య. దొర పోయినా ఆ విద్య పోలేదు.

దారి లేక కాదు. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. దాన్ని అటకెక్కించారు. భూపరిమితి చట్టం 1973 నుంచీ ఉంది. మెట్ట భూమి ఎంత తక్కువ రకమైనా ప్రామాణిక కుటుంబానికి 54 ఎకరాలు మించకూడదని అందులోనే రాశారు. బినామీ పేర్లతో ముక్కలు చేసుకున్న ఆవరణలను ఆ కొలబద్దతో కొలిచే నాథుడు లేడు.

అందుకే మన సంఘం అడుగుతున్నది మూడే మాటలు. ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి సాగుదారుల పేర్లు రాయాలి. వాళ్లకు కార్డులిచ్చి బ్యాంకు రుణం, రైతు భరోసా, పంట నష్టపరిహారం దున్నేవాళ్లకే ఇవ్వాలి. పంట లేని ఫామ్‌హౌస్ భూమికి పైసా ఇవ్వకూడదు.

ఈ యాసంగి ముగిసేలోగా ప్రతి శాఖ తన ఊరి కౌలు రైతుల జాబితా తయారుచేసి తహసీల్దారు కార్యాలయంలో అందజేయాలి. రసీదు తీసుకోకుండా వెనక్కి రావద్దు. నాడు ఐలమ్మ గింజ కోసం నిలబడింది. నేడు మనం పేరు కోసం నిలబడదాం.