తప్పనిసరి చేశాక అది సరుకు కాదు

2025 సెప్టెంబరులో కేంద్ర జౌళి శాఖ ‘కపాస్ కిసాన్’ యాప్‌ను తెచ్చింది. ఆ సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ)కి మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే రైతు ముందుగా అందులో పేరు నమోదు చేసుకోవాలి. ఏ రోజు ఏ జిన్నింగు మిల్లుకు తెస్తాడో చెప్పి స్లాట్ బుక్ చేసుకోవాలి. స్లాట్ లేని బండికి కాంటా లేదు. పొడుగు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఊళ్లోకి వచ్చి కొనే దళారి అంత ఇవ్వడు, తేమ పేరు చెప్పి ఇంకాస్త కోస్తాడు. ఆ తేడా తన ఇంటికి రావాలంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రైతుకు నల్లరేగడి, వానలు, కూలీలు ఉంటే సరిపోలేదు. స్మార్ట్‌ఫోను, అందులో డేటా, ఊళ్లో సిగ్నల్ కూడా కావాల్సి వచ్చింది.

అదే ఏడాది వానాకాలంలో యూరియా కోసం మహబూబాబాద్ జిల్లా రైతులు సొసైటీల ముందు తెల్లవారుజాము నుంచి బారులు తీరారు. చెప్పులు, పాసుబుక్కులు వరుసలో పెట్టి కూర్చున్న ఫొటోలు రాష్ట్రమంతా చూసింది. దానికి జవాబుగా డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎరువుల బుకింగ్‌కు ఒక యాప్ తెచ్చింది. ప్రయోగానికి ఎంచుకున్న జిల్లాల్లో జనగామ ఒకటి. వీటికన్నా ముందే, 2023 జనవరి 1 నుంచి, ఉపాధి హామీ పనుల్లో హాజరు యాప్‌లోనే వేయాలని కేంద్రం నిర్బంధం చేసింది. పని చోట రోజుకు రెండు పూటలా ఫొటో తీసి ఎక్కించాలి. గుట్టల మధ్య, చెరువు పూడికలో సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే, ఎండలో తవ్విన తవ్వకం అలాగే ఉన్నా మస్టరులో కూలి ఉండదు.

ఇంటర్నెట్‌ను బజారుగా చూడాలా, ప్రజల ఉమ్మడి మాధ్యమంగా చూడాలా అన్న చర్చ ప్రపంచమంతటా ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. దాన్ని వాషింగ్టన్‌కో, ఢిల్లీ న్యాయవాదులకో సంబంధించిన సంగతిగా మనం వదిలేశాం. ఇప్పుడది ఈ మూడు జిల్లాల్లో కాంటా దగ్గరికి, సొసైటీ గోదాము దగ్గరికి వచ్చి నిలబడింది. నా మాట సూటిగా చెబుతాను. ప్రభుత్వం ఒక హక్కును, ఒక ధరను, ఒక కూలిని ఇంటర్నెట్ గుండానే ఇస్తానని చెప్పిన రోజున ఆ ఇంటర్నెట్ కొనగలిగినవాడు కొనుక్కునే సరుకుగా ఉండే అర్హత పోగొట్టుకుంటుంది.

చిక్కు ఎక్కడ పడుతుందో దగ్గరగా చూడాలి. కౌలుకు ఐదెకరాల పత్తి వేసిన రైతును తీసుకోండి. పాసుబుక్కు పట్టాదారుది. పంట నమోదులో ఉన్న ఫోన్ నంబరు కూడా చాలాసార్లు ఆయనదే. ఆయన ఉండేది ఉప్పల్‌లోనో హనుమకొండలోనో. ఓటీపీ అక్కడ మోగుతుంది. సొంత భూమి ఉన్న రైతు పరిస్థితి మెరుగేమీ కాదు. చేతిలో ఉన్నది బటన్ల ఫోను, స్మార్ట్‌ఫోను కొడుకుతో పాటే హైదరాబాద్‌లో ఉంటుంది. 28 రోజుల ప్యాకు అయిపోయి రీచార్జి చేయించకపోతే కొద్ది రోజులకు వచ్చే మెసేజీలు కూడా ఆగిపోతాయి. పత్తి చేతికొచ్చేది దసరా తర్వాత. అంతకు ముందు రెండు నెలలు, మందులకూ కలుపు కూలీలకూ పెట్టి పెట్టి, రైతు ఇంట్లో రూపాయి ఆడదు. అంటే, చేతిలో పైసలు లేని రోజుల్లో ఫోనును బతికించుకుంటేనే పైసలు వచ్చే రోజున స్లాట్ దొరుకుతుంది. అది చేతకానివాడు మండల కేంద్రంలోని నెట్ సెంటరుకు పోతాడు, అక్కడ అడిగినంత ఇస్తాడు. లేదా వ్యవసాయ విస్తరణాధికారిని (ఏఈఓను) బతిమాలతాడు. అదీ కుదరకపోతే పత్తిని దళారికే తూకం వేస్తాడు. దళారీని తప్పించడానికే తెచ్చామన్న యాప్, ఫోను లేని రైతును మళ్లీ ఆయన దగ్గరికే పంపుతోంది.

బజారు చేసిన మేలును కాదనడం నాకు ఇష్టం లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ డేటాకు దేశంలో సగటున 269 రూపాయలు పడేది, 2018 నాటికి అది 12 రూపాయలలోపుకు దిగింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొదలైన ఆ పోటీయే లేకపోతే మహబూబాబాద్ తండాల్లోని బంజారా పాటలు యూట్యూబులోకి ఎక్కేవి కావు, పెంబర్తి ఇత్తడి పనివారు తమ బొమ్మల ఫొటోలు వాట్సాప్‌లో కొనుగోలుదారుకు పంపేవారు కారు. కానీ పోటీకి కూడా ఒక ఆయుష్షు ఉంటుంది. ఇవాళ దేశంలోని మొబైల్ చందాదారుల్లో నూటికి డెబ్బై మందికి పైగా రెండు కంపెనీల చేతుల్లోనే ఉన్నారు. 2024 జూలైలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల జియో ప్లాను 239 నుంచి 299 రూపాయలైంది, మిగతా ప్రైవేటు కంపెనీలూ అదే వారంలో పెంచాయి. 28 రోజుల లెక్కన ఏడాదికి పదమూడు రీచార్జులు. బటన్ల ఫోను వాడేవారికి డేటా లేని, మాటలకూ మెసేజీలకూ సరిపోయే ప్యాకు విడిగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించేదాకా ఆ పని తమంతట తాము చేయాలని కంపెనీలకు తోచలేదు. కొండకింద గూడేనికి టవరు వేయాలన్నది కూడా అంతే. గంగారం, కొత్తగూడ మండలాల్లో, భూపాలపల్లి జిల్లా చివరన గోదావరి ఒడ్డున ఉన్న పలిమెలలో జనం పలుచగా ఉంటారు, రీచార్జులు తక్కువ, అడవిలో టవరుకు కరెంటు ఖర్చు ఎక్కువ. బజారు లెక్కలో ఆ ఊళ్లు ఎప్పటికీ కూడికలోకి రావు. అందులో కంపెనీల దుర్మార్గం వెతకనక్కర్లేదు, లాభం లెక్క అలాగే ఉంటుంది.

మన దేశంలో ఈ చర్చకు ఒక మంచి పునాది పడింది. అది పడిన ఏడాది గుర్తుపెట్టుకోదగ్గది. 1995 ఫిబ్రవరిలో, క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారంపై బెంగాల్ క్రికెట్ సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పు ఇవాళ్టికీ చదవదగ్గది. ప్రసార మాధ్యమం ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండటం తప్పని ఆయన అన్నారు, దాన్ని డబ్బున్న ప్రైవేటు వ్యక్తులకు వదిలేయడమూ అంతే ప్రమాదమన్నారు. అది ఉండాల్సింది ప్రజల అదుపులో అని, ప్రజల అదుపు వేరు ప్రభుత్వ అదుపు వేరు అని స్పష్టంగా గీత గీశారు. అదే ఏడాది ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ దేశంలో ఇంటర్నెట్‌ను సామాన్యులకు తెరిచింది. ఆర్నెల్ల తేడాతో వచ్చిన ఆ రెండూ కలుసుకోలేదు. టీవీ, రేడియోల గురించి చెప్పిన సూత్రం ఇంటర్నెట్‌కు వర్తించలేదు. దాన్ని టెలిఫోను బిల్లుల పద్దులో వేసేశాం.

తర్వాత వచ్చిన మార్పు ఇంకా లోతైనది. 2012 ఫిబ్రవరిలో 2జీ కేసులో 122 లైసెన్సులు రద్దయ్యాయి. అవినీతి మీద ఆ దెబ్బ పడాల్సిందే. అయితే అప్పటి నుంచి ‘ప్రజల ఆస్తి’ అంటే మంచి రేటుకు వేలం వేయాల్సిన ఆస్తి అన్న అర్థమే స్థిరపడిపోయింది. ఖజానాకు డబ్బు వచ్చిందా లేదా అన్నదే ప్రజాహితానికి కొలమానమైంది. వేలంలో కొన్న కంపెనీ ఆ సొమ్మును రాబట్టుకునేది మళ్లీ మన రీచార్జుల్లోంచే. పల్లెల కోసమని కంపెనీల ఆదాయం నుంచి 5 శాతం తీసే నిధి ఒకటుంది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. అందులో పెద్ద మొత్తాలు ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా పడి ఉన్నాయి. ఆ నిధితోనే పంచాయతీలకు ఫైబర్ తీగ వేస్తామని 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. రెండేళ్లలో అయిపోతుందన్న పని పేరు మార్చుకుని భారత్‌నెట్ అయింది, పదేళ్లు దాటినా సాగుతూనే ఉంది. చాలా చోట్ల తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి అక్కడి పెట్టెలో ఆగిపోయింది.

ఒక్కసారి మాత్రం ప్రజలు గట్టిగా నిలబడ్డారు. 2015లో ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ పేరుతో తాను ఎంపిక చేసిన కొన్ని సైట్లను పేదలకు ఉచితంగా ఇస్తానంది. ఉచితం ఎవరికి చేదు? అయినా లక్షల మంది ట్రాయ్‌కి మెయిళ్లు రాశారు. కంపెనీ గుమ్మంలో కూర్చుని ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయిస్తే అది ఇంటర్నెట్ కాదని వాదించారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి వివక్షా టారిఫ్‌లను నిషేధించింది. ఆ డిసెంబరులోనే ఇంకో మంచి మాట అంది: పల్లె చందాదారులకు నెలకు 100 ఎంబీ వరకు, దేనికైనా వాడుకునేలా, పైన చెప్పిన పల్లెల నిధి నుంచే ఉచితంగా ఇవ్వమని సిఫారసు చేసింది. మొదటిది అమలైంది, రెండోది కాలేదు. దాంతో లోపలికి వెళ్లాక అందరూ సమానమే, లోపలికి వెళ్లే దారి మాత్రం డబ్బున్నవాడిది అన్నట్టు మిగిలింది. పేదరైతుకు పత్తి యాప్ ఒక్కటీ ఉచితం చేస్తే చాలదా అని కొందరు అధికారులు అంటారు. చాలదు. యాప్ ఉచితమై, అందులో వచ్చే రేటు సరైనదో కాదో పక్క మార్కెట్ ధర చూసి పోల్చుకునే వీలు లేకపోతే అతని చేతికి ఇచ్చింది సగం కిటికీయే.

అసలు బజారు, ప్రజాసంస్థ అనేవి రెండు విరుద్ధ దిక్కులన్న ఆలోచనే మన ప్రాంతంలో నిలబడదు. జనగామ మార్కెట్ యార్డు ఏమిటి? అక్కడ జరిగేది వ్యాపారమే. కానీ 1966 నాటి మార్కెట్ల చట్టం కింద కమిటీ ఉంటుంది, వ్యాపారికి లైసెన్సు ఉండాలి, కాంటాకు తనిఖీ ఉంటుంది, ధర పదిమంది ముందు పలకాలి. ఎడ్లబండి మీద వచ్చిన రైతును గేటు దగ్గర రుసుము అడిగి ఆపే హక్కు ఏ ఖరీదుదారుకూ లేదు. ఆ యార్డుల్లో మోసం లేదని నేను అనను. మోసం జరిగితే అడగడానికి ఒక చట్టం, ఒక ఆఫీసు ఉన్నాయని మాత్రం అంటాను. ఇంటర్నెట్‌కు కావాల్సింది ఆ మాత్రం ఏర్పాటే.

‘ప్రజల’ అన్నచోట ‘ప్రభుత్వ’ అని చదువుకుంటే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్న ఆ ఆలోచన దేశానికే దారి చూపాల్సింది. ప్రభుత్వాలు మారాయి, టెండర్లపై సీఐడీ కేసులు పడ్డాయి, కనెక్షన్లు తగ్గిపోయాయి. తీగ ప్రజలదని ఎవరూ అనలేదు, మీదా మాదా అన్నదే గొడవ. ప్రభుత్వ అదుపులో ఆపివేత కూడా ఉంటుంది: మన దగ్గర 2024 సెప్టెంబరులో జైనూర్ ఘర్షణల తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఉత్తర్వులు బయటపెట్టాలని, అవి అవసరానికి మించకూడదని చెప్పింది. తీగను కంపెనీ చేతి నుంచి తీసి కలెక్టరు చేతిలో పెట్టినంత మాత్రాన అది ప్రజల మాధ్యమం అయిపోదు.

తెలంగాణకు ఒక అరుదైన అవకాశం ఉంది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే రాష్ట్ర ఫైబర్ పథకమైన టీ-ఫైబర్ గొట్టాలు కూడా పరిచారు. తవ్విన ఖర్చు ప్రజలది, తవ్విన నేల ఊరిది. నెలకు 300 రూపాయలకు ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. భూపాలపల్లికి పక్కనే, పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ మొదట ప్రయోగించిన ఊళ్లలో ఒకటి. ఈ తీగను ఎవరికి, ఏ షరతులతో ఇస్తారన్నదే ఇప్పుడు తేలాల్సిన ప్రశ్న. ఒకే కంపెనీకి మొత్తం కట్టబెడితే మళ్లీ రెండు కంపెనీల రాజ్యమే మూడో పేరుతో వస్తుంది. తీగ ప్రజల చేతిలోనే ఉంచి, ఒకే రేటుకు ఎవరికైనా అద్దెకివ్వాలి. ఊళ్లోని కేబుల్ ఆపరేటరు, మహిళా సంఘం, బీఎస్ఎన్ఎల్, ప్రైవేటు కంపెనీ, అందరూ దాని మీద వ్యాపారం చేసుకోవచ్చు. కేరళ 2023 జూన్‌లో మొదలుపెట్టిన ప్రభుత్వ ఫైబర్ పథకం కేఫాన్ పేద కుటుంబాలకు ఉచితంగా, మిగతావారికి రుసుముతో ఇస్తోంది. హాస్టల్లో ఫోను నిషేధంపై ఒక విద్యార్థిని వేసిన కేసులో అక్కడి హైకోర్టు 2019లోనే ఇంటర్నెట్‌ను చదువుకునే హక్కులో భాగమంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, కళ్లు ఆర్పి చూపలేక ఈ-కేవైసీలో ఆగిపోయిన యాసిడ్ దాడి బాధితుల కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కిందికి వస్తుందని చెప్పింది. కళ్లు ఆర్పలేనివారికి వర్తించిన న్యాయం సిగ్నల్ లేనివారికి వర్తించకపోవడానికి కారణం నాకు కనిపించదు.

కాబట్టి వచ్చే పత్తి సీజన్‌కు ముందే జరగాల్సిన పని ఒకటుంది. యాప్ తప్పనిసరి చేసిన ప్రతి పథకంలోనూ మార్కెట్ యార్డులో, పంచాయతీ ఆఫీసులో కాగితం మీద అదే స్లాట్, అదే రోజు, అదే వరుస దొరకాలి. సిగ్నల్ పడిపోయిన రోజు కూలి మస్టరు చేతిరాతతో చెల్లాలి. ఇది జీవోతో అయ్యే పని, కొత్త చట్టం అక్కర్లేదు.

రెండోది ఇంకొంచెం పెద్దది. ఈ మూడు జిల్లాలకు కరెంటు ఇచ్చేది హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం). కరెంటు అమ్ముడుపోయే వస్తువే, బిల్లు కట్టాల్సిందే. అయినా చార్జీలు పెంచాలంటే డిస్కం విద్యుత్ నియంత్రణ మండలి ముందు లెక్కలు పెట్టాలి, బహిరంగ విచారణ జరగాలి. అక్కడ రైతు లేచి తన ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఎన్నాళ్లయిందో సీఎండీ ముఖం మీదే అడగవచ్చు, సీఎండీ జవాబు చెప్పాల్సిందే. టీ-ఫైబర్ ధరలు, అద్దె ఒప్పందాలు, ఏ ఊరికి తీగ వెళ్లింది, ఎక్కడ తెగి పడి ఉంది అన్న లెక్కలు అలాంటి విచారణకే రావాలి. మొదటి విచారణ హైదరాబాద్‌లో కాకుండా గంగారంలోనో పలిమెలలోనో పెట్టాలి. అధికారులు తమ ఫోన్లలో అక్కడి సిగ్నల్ ఎంతో చూసుకుని, ఆ తర్వాత రైతుల ప్రశ్నలకు జవాబు చెప్పాలి.