గిన్నెలో వేసిన గుర్రాల పేర్లు



మే నెల మొదటి శనివారం సాయంత్రం అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయివిల్ నగరంలో ఒక గుర్రప్పందెం జరుగుతుంది. దాని పేరు కెంటకీ డెర్బీ. 1875లో మొదలైంది. మూడేళ్ల వయసు గుర్రాలు, ఎక్కువలో ఎక్కువ ఇరవై, రెండు కిలోమీటర్లు పరుగెత్తుతాయి. రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది. అప్పుడు మనకు ఆదివారం తెల్లవారుజామున సుమారు నాలుగున్నర. మనం ఉదయ ప్రార్థనకు లేచేసరికి అక్కడున్న మనవాళ్ల ఇళ్ల నుంచి ఫొటోలు వచ్చేసి ఉంటాయి. టీవీ ముందు పాతికమంది, ఆడపిల్లల తలల మీద గంపంత టోపీలు, బల్ల మీద బిర్యానీ, పక్కన పుదీనా ఆకులు వేసిన గ్లాసులు. ఆ గ్లాసుల్లో శర్బత్ ఉందని ఇక్కడి తల్లులు అనుకుంటున్నారు. ఆ పందానికి పేరుపడ్డ పుదీనా పానీయాన్ని మింట్ జూలెప్ అంటారమ్మా. అందులో పోసేది బోర్బన్, అంటే మొక్కజొన్న విస్కీ. మీ పిల్లల గ్లాసులో ఏముందో మీరే అడిగి తెలుసుకోండి.

"పిల్లలు సరదాగా కలుసుకున్నారు, ఇందులో తప్పేముంది పాస్టరుగారూ?" అని ఈ ఏడు ముగ్గురు అడిగారు. తప్పుంది. ముందు అది ఎక్కడ లేదో చెబుతాను.

గుర్రాన్ని చూడటంలో తప్పు లేదు. యోబు గ్రంథం 39వ అధ్యాయంలో దేవుడే గుర్రం బలాన్ని, దాని జూలును, యుద్ధం వాసన పసిగట్టి అది నేలను కాలదువ్వడాన్ని వర్ణిస్తాడు. తాను చేసిన జంతువంటే ఆయనకు ముచ్చటే. పౌలు భక్తుడు కూడా పందెపు రంగంలో పరుగెత్తేవాళ్లను మనకు మాదిరిగా చూపించాడు. టోపీ పెట్టుకుంటే పాపమని నేను అనను (ధర చెబితే అప్పుడు ఆలోచిస్తాను). నలుగురిని పిలిచి అన్నం పెట్టడం ఎంతో మంచిది.

తప్పు ఆ గిన్నెలో ఉంది. గుర్రాల పేర్లు చీటీల మీద రాసి గిన్నెలో వేస్తారు. తలకు పది డాలర్లు. ఎవరికి వచ్చిన గుర్రం గెలిస్తే డబ్బంతా వాళ్లది. నాకు వచ్చిన ఒక వీడియోలో మొదటి చీటీ ఎనిమిదేళ్ల పిల్లవాడి చేత తీయించారు. "వీడి చెయ్యి మంచిది" అని ఎవరో అంటున్నారు కూడా. యేసు రక్తమే చాలునని సాక్ష్యం చెప్పిన ఇల్లు అది. ఆ ఇంట్లో చెయ్యి మంచిది, చెడ్డది అనే మాట ఎక్కడినుంచి వచ్చింది?

"పది డాలర్లేగా" అంటారు. సరే, వచ్చే ఏడాది ఆ పది డాలర్లు తీసేసి పిలవండి. టీవీ ముందు అంతే కేకలు వినబడితే నేను ఒప్పుకుంటాను. నా లెక్క మొత్తం గురించి కాదు. ఇరవైమంది చీటీలు తీస్తే, పంతొమ్మిదిమంది పోగొట్టుకుంటేనే నాకు వస్తుంది. అంటే నేను నా ఇంటికి పిలిచిన అతిథి జేబులోది నాకు రావాలని, అతనికి రాకూడదని రెండు నిమిషాలపాటు మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. పొరుగువానిది ఆశించవద్దన్న పదో ఆజ్ఞ పదికి ఒకలా, పదివేలకు ఒకలా వర్తించదు.

చదువుకున్న ఒక తమ్ముడు చట్టం సంగతి ఎత్తాడు. నిజమే, 1996లో మన సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని తీర్పిచ్చింది. మలక్‌పేటలో పందేలు చట్టబద్ధంగానే జరుగుతాయి. కానీ కోర్టు చెప్పిన నైపుణ్యం గుర్రం పుట్టుక, శిక్షణ, గతంలో పరుగెత్తిన తీరు చూసి అంచనా వేయడం. కళ్లు మూసుకుని గిన్నెలో చెయ్యి పెట్టడంలో ఏ నైపుణ్యం ఉంది తమ్ముడూ? ఆ తీర్పు నీకు సాయం రాదు. వచ్చినా, చట్టం శిక్షించనిదంతా సంఘానికి క్షేమకరమని ఏ అపొస్తలుడూ రాయలేదు.

ఇక నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి. సంక్రాంతికి కోడికి కత్తి కట్టి బరిలో దింపితే మనం ఏమంటాం? అది లోకం, అది అంధకారం అంటాం. బరి దగ్గర గుండాట ఆడిన విశ్వాసిని నిలబెట్టి అడుగుతాం. అతను కూలి చేసుకునేవాడు, అడిగితే తల దించుకుంటాడు. అదే పని డాలర్లతో జరిగితే "మావాడు పెద్ద ఇల్లు కొన్నాడు, చూశారా" అంటూ ఫోన్ చేతికిస్తాం. పాపానికి వీసా వస్తే పేరు మారుతుందా?

కోడి సంగతి వచ్చింది కాబట్టి గుర్రం సంగతి కూడా. 2008లో ఎయిట్ బెల్స్ అనే ఆడగుర్రం రెండో స్థానంలో గీత దాటింది. దాటిన కాసేపటికే ముందు కాళ్లు రెండూ విరిగి కూలిపోయింది. మైదానంలోనే దానికి ప్రాణం తీసే మందు ఇచ్చారు. 2023 వసంతంలో అదే మైదానంలో కొద్ది వారాల్లో 12 గుర్రాలు చనిపోయాయి. జూన్‌లో పందేలను వేరే మైదానానికి మార్చారు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతలు 12:10 బోధిస్తుంది.

మరొక మాట. 1875లో మొదటి డెర్బీ గెలిచిన రౌతు ఆలివర్ లూయిస్ నల్లజాతివాడు. ఆ రోజు స్వారీ చేసిన 15 మందిలో 13 మంది నల్లవాళ్లే. ఆ పనిలో డబ్బు, పేరు పెరిగాక వాళ్లను గుర్రాల మీదినుంచి దింపేశారు. వెలివేత అంటే ఏమిటో తాతల నోట విన్న సంఘం మనది. ఆ టోపీల సంబరం వెనక ఈ కథ ఉందని మన పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

అయితే నేను ఇంత రాయడానికి అసలు కారణం లూయివిల్‌లో లేదు, మన వీధిలో ఉంది. మే నెల అంటే ఇక్కడ క్రికెట్ పందేల కాలం. ఫోన్‌లో యాభై రూపాయలతో మొదలుపెట్టిన ఒక కుర్రవాడి ఇంట్లో ఈ రోజు ఎకరన్నర పొలం లేదు, తల్లి మెడలో పుస్తెలతాడు లేదు. అతనితో ప్రార్థన చేయడానికి వెళ్లాను. వాక్యం చెప్పాను. అతను ఎదురు మాట్లాడలేదు, ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. మన సంఘం నుంచే వెళ్లిన పెద్దమనిషి, నవ్వుతూ, చేతిలో గుర్రం పేరున్న చీటీ. "వాళ్లకు సరదా, మాకు పాపమా అయ్యగారూ?" అన్నాడు. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి పౌలు 1 కొరింథీయులు 8లో రాసింది ఈ కుర్రవాడి గురించే. పది డాలర్లు పోయినా నువ్వు తట్టుకోగలవు. నిన్ను చూసి దిగినవాడు తట్టుకోలేడు. వాడి కోసం కూడా క్రీస్తు చనిపోయాడు.

తల్లిదండ్రులకు: యోబు తన పిల్లల విందులు ఆపలేదు. విందు దినాలు అయిపోగానే వాళ్లను పిలిపించి పవిత్రపరచేవాడు, తెల్లవారకముందే లేచి ఒక్కొక్కరి పేరున బలి అర్పించేవాడు. మీరు కూడా కొడుకుతో దెబ్బలాడకండి. ఫోన్ చేసి ఆ గిన్నె గురించి అడగండి, ప్రార్థించండి.

అక్కడున్న పిల్లలకు: విందు మానవద్దు. లూకా 14లో ప్రభువు ఎవరిని పిలవమన్నాడో చూసి, ఆ ఊళ్లో ఒంటరిగా ఉన్న మన విద్యార్థిని, ఉద్యోగం పోయిన వాణ్ణి పిలవండి. పుదీనా నీళ్లే ఇవ్వండి. గుర్రాలను చూడాలనిపిస్తే చూడండి, గిన్నె మాత్రం వంటగదిలోనే ఉంచండి.

ఇంతవరకు చదివి "అమెరికావాళ్లకు బాగా చెప్పారు" అనుకుంటున్న స్థానిక పెద్దలకు కూడా ఒక మాట. మందిరం పైకప్పు కోసం క్రిస్మస్‌కు లక్కీ డ్రా టికెట్లు అమ్ముదామని, మొదటి బహుమతి మిక్సీ అని, మీలో ఇద్దరు ఇప్పటికే అనుకుంటున్నట్టు తెలిసింది. నవంబరు కమిటీలో ఆ కాగితం బల్ల మీదికి వస్తే నేను సంతకం పెట్టను. రేకులకు ఇంకా ఎంత తగ్గిందో ఆ రోజు లెక్క చదువుతాను, కానుకగా ఇచ్చేవాళ్లు ఇవ్వండి.