వ్యాలెట్ సేఫే, మరి డబ్బో?

పల్నాడు వాళ్లకి పందెం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గురజాల, మాచర్ల రెండు రాజ్యాలుగా చీలిన రోజుల్లో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడి పక్షాల మధ్య జరిగిన కోడిపందెం కథ చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలన్నది షరతు. పందెం ఒక్క పూటలో తేలింది, దాని లెక్క మాత్రం కారంపూడి యుద్ధంలో గానీ తేలలేదు. అయినా ఆ పందెంలో ఎదుటివాడెవడో తెలుసు, షరతు అందరి ముందూ చెప్పుకున్నారు, కోడి కళ్ల ముందే ఉంది. ఇవాళ హాస్టల్ గదుల్లో దుప్పటి కప్పుకుని ఫోన్‌లో ఆడే పందెంలో ఈ మూడూ లేవు.

ఈ మధ్య మన కుర్రాళ్ల నోట తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది: "క్యాసినో సైట్లో డబ్బులు వేయడానికి ఏ వ్యాలెట్ సేఫ్ రా?" ఆడాలా వద్దా అన్నది ఎవరూ అడగట్లేదు, వ్యాలెట్ సంగతే అడుగుతున్నారు. ఇంజినీరింగ్ చదివేవాళ్లం కదా, టెక్నికల్‌గానే మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: తప్పు జవాబులో లేదు, ప్రశ్నలోనే ఉంది.

వ్యాలెట్ చేసే పని ఏంటి? పిన్, ఓటీపీ, ఎన్‌క్రిప్షన్, మన ఫోన్‌కే ముడిపెట్టిన లాగిన్. ఇవన్నీ కలిసి కాపాడేది ఒక్కటే: నువ్వు చెప్తేనే డబ్బు కదలాలి, నువ్వు చెప్పిన చోటికే చేరాలి. నరసరావుపేటలో ఎక్కితే మాచర్లలో క్షేమంగా దింపడం వరకే బస్సు పూచీ. దిగాక ఎవరి గుమ్మం తొక్కుతావన్నది దానికి సంబంధం లేదు. నీ ప్రమేయం లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి మోసంతో డబ్బు పోతే, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం నీ మీద పడకూడదని 2017లో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. కానీ పిన్ నువ్వే కొట్టి పంపిన డబ్బుకి అది వర్తించదు. అంటే క్యాసినోకి వెళ్లే ప్రతి రూపాయికీ ఆ రక్షణ మొదట్లోనే పోయినట్టు.

ఇక చట్టం. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి అదే పని చేసింది. ఇక్కడ నడిపేవాడికే కాదు, ఆడేవాడికీ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ వర్తించేలా డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. బ్యాంకులు, పేమెంట్ సంస్థలు ఈ లావాదేవీలు జరపకూడదని కూడా అందులోనే ఉంది. డ్రీమ్11 లాంటి పెద్ద కంపెనీలే ఆ నెలలో డబ్బు ఆటలు ఆపేశాయి.

మరి అసలు వ్యాలెట్లు ఈ దారి మూసేస్తే డిపాజిట్ ఎలా జరుగుతోంది? చాలా సైట్లలో ఇలా: ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. దాని వెనక క్యాసినో పేరుండదు. ఏదో చిన్న కొట్టు పేరో, ఎవరో మనిషి పేరో ఉంటుంది. మళ్లీ వేసేటప్పటికి పేరు మారిపోతుంది. ఇవి అద్దె ఖాతాలు. పోలీసులు మ్యూల్ అకౌంట్లు అంటారు. "పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, నెలకి ఇన్ని వేలిస్తాం" అని తీసుకునేది కూలీల దగ్గరా, మనలాంటి స్టూడెంట్ల దగ్గరే. కేసు వచ్చినప్పుడు పోలీసులు ముందు తలుపు తట్టేది ఖాతా ఎవరి పేరు మీదుందో వాళ్లింటిదే. సర్టిఫికెట్ చేతికి రాకముందే ఎఫ్ఐఆర్‌లో పేరెక్కితే ఏ కంపెనీ వెరిఫికేషన్‌లో ఏం చెప్తాం?

"డబ్బు వేయడమే రిస్కు, విత్‌డ్రా వచ్చిందంటే గెలిచినట్టే" అనుకునేవాళ్లున్నారు. నా లెక్కలో ఎక్కువ భయపడాల్సింది విత్‌డ్రాకే. నీకొచ్చే ఐదు వేలు కూడా అలాంటి అద్దె ఖాతా నుంచే వస్తాయి. ఆ ఖాతాలోకి అంతకుముందు ఎవరి డబ్బు వచ్చిందో నీకు తెలీదు. ఎక్కడో ఒక పెద్దాయన సైబర్ మోసంలో పోగొట్టుకున్నది కావచ్చు. ఆయన 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి పోయిందో వరసగా పట్టుకుంటూ వచ్చి హోల్డ్ పెడతారు. ఆ వరసలో నీదీ ఉంటుంది. పైగా మనం వ్యాలెట్ అని పిలిచేవి చాలావరకు యూపీఐ యాప్‌లే, వాటి వెనకున్నది అసలు బ్యాంకు ఖాతా. నాన్న గుంటూరు యార్డులో మిర్చి అమ్మి పంపిన డబ్బు పడేది అందులోనే. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో నమోదైతే దాన్ని విడిపించుకోవడానికి ఆ స్టేషన్ చుట్టూ తిరగాలి. సెమిస్టర్ ఫీజు గడువు మాత్రం మన కోసం ఆగదు.

బోనస్ సంగతీ లెక్క వేద్దాం. వెయ్యి వేస్తే ఇంకో వెయ్యి బోనస్, కాకపోతే మొత్తం రెండు వేలకి ముప్ఫై రెట్లు ఆడాకే విత్‌డ్రా అన్నాడనుకోండి. అంటే అరవై వేల పందెం. ఒకే సున్నా ఉన్న రూలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి, చెల్లింపు మాత్రం 36 లెక్కన. ప్రతి 37 రూపాయలకీ సగటున ఒకటి ఇంటివాడిది. అరవై వేలకి దాదాపు 1,620. వెయ్యి బోనస్ కోసం సగటున 1,620 పోగొట్టుకోవడం! ఇదీ చక్రం నిజాయితీగా తిరిగితేనే. ఆ కోడ్‌ని తనిఖీ చేసేదెవరు?

"రెగ్యులేటెడ్ వ్యాలెట్లకి మాత్రం గ్యారంటీ ఏముంది? పేటీఎం పేమెంట్స్ బ్యాంకుకి ఏమైంది?" అని ఎదురు ప్రశ్న రావచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2024 జనవరి 31న రిజర్వ్ బ్యాంకు దాన్ని కొత్త డిపాజిట్లు తీసుకోవద్దంది. కానీ గడువు చెప్పింది, తర్వాత దాన్ని మార్చి 15 దాకా పొడిగించింది, లోపలున్న డబ్బు వాడుకోవచ్చని స్పష్టం చేసింది. నియంత్రణ అంటే అదీ: తలుపు మూసేముందు బయటికి దారి చూపిస్తారు. ఏ దేశంలో ఉందో తెలియని సైట్ మూతపడితే మిగిలేది పేజీ దొరకలేదన్న ఎర్రర్ ఒక్కటే.

"నా డబ్బు, నా ఇష్టం" అనేది చివరి వాదన. సొంత సంపాదన అయితే కాసేపు వింటా. హాస్టల్లో ఉండే మనలో ఎంతమందికి సొంత సంపాదన ఉంది? అది అయిపోయాక రూమ్‌మేట్ దగ్గర చేబదులు, తర్వాత లోన్ యాప్. ఆ మెట్లు దిగేటప్పుడు ఇష్టం అనే మాట ఎక్కడా కనపడదు.

కాబట్టి వ్యాలెట్ జాగ్రత్తలు నేర్చుకుందాం, అసలు అవసరాల కోసం. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, కొట్టమన్నాడంటే మోసమే. పంపేముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చదువు. ఖాతా, సిమ్ ఎవరికీ అద్దెకివ్వకు, ఫ్రెండ్ అడిగినా సరే. ఇప్పటికే సైట్లో డబ్బు ఇరుక్కుని ఉంటే, "విత్‌డ్రాకి ట్యాక్స్ కట్టు" అన్నా ఇంకో రూపాయి వేయొద్దు. స్క్రీన్‌షాట్లు దాచుకుని 1930కి చెప్పు. ఇంట్లో కూడా చెప్పు. నాన్న ఆ రోజు తిడతాడు, కానీ నీ వైపు నిలబడేది ఆయనే. సైట్లో ఇరవై నాలుగ్గంటలూ తియ్యగా చాట్ చేసే కస్టమర్ కేర్‌కి నీ పేరు కూడా గుర్తుండదు.