పసిబిడ్డ బట్టలకు ఏ సబ్బు మంచిది?



గత నెల స్త్రీల సమాజపు కూడిక ముగిశాక కొందరు అక్కలు నన్ను ఆపి ఒక మాట అడిగారు. "సిస్టరమ్మా, బజారు పొడులతో పిల్లలకు దద్దుర్లు వస్తున్నాయి. చర్చి హాలులోనే బట్టల సబ్బు చేయడం నేర్పించకూడదా? కాస్టిక్ సోడా, కొబ్బరినూనె ఉంటే చాలట గదా!" వాళ్ళ ఉద్దేశం మంచిది. అయినా నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, దానికి బదులు ఏమి చేయవచ్చో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు దద్దుర్ల సంగతి చూద్దాం. మొన్న ఎండాకాలంలో ఒక తల్లి ఏడు నెలల పాపను పిల్లల ఓ.పి.కి తెచ్చింది. మెడ మడతల్లో, చంకల్లో, నడుము చుట్టూ ఒళ్ళంతా కంది ఉంది. మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబులు అప్పటికే మూడు అయిపోయాయి. రాస్తే తగ్గుతుందట, మానితే మళ్ళీ వస్తుందట. డాక్టరుగారు చూసి, అవి స్టెరాయిడ్ కలిసిన పూతమందులని చెప్పి ఆపించి, తగిన మందు రాశారు. ఇలాంటి అనేక స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన పెట్టింది. అయినా మనం అడుగుతూనే ఉన్నాం, వాళ్ళు ఇస్తూనే ఉన్నారు.

తరువాత ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టి, "బట్టలు ఎలా ఉతుకుతున్నావమ్మా?" అని అడిగాను. "పాప బట్టలు గదా అని పొడి కాస్త ఎక్కువే వేస్తాను. నీళ్ళకు ఇబ్బంది గనుక ఒక్కసారే జాడిస్తాను" అంది. ఆమె సంచిలో ఉన్న ఉతికిన జుబ్బా ఒకటి తీసుకుని శుభ్రమైన నీళ్ళ బేసిన్‌లో ముంచి పిండాను. నురుగు వచ్చింది. ఉతికి, ఆరేసి, మడతపెట్టిన బట్టలో నుంచి నురుగు! అదే చెమటతో కలిసి రోజంతా ఆ పాప ఒంటికి అంటుకుని ఉంటోంది.

మన చర్మానికి సహజంగా కొద్దిపాటి ఆమ్ల గుణం ఉంటుంది. బట్టల సబ్బులు, పొడులు చాలావరకు క్షార గుణం కలవి. పసిపిల్లల చర్మం పలుచన. ఎగ్జిమా ఉన్న పిల్లలకైతే చర్మం ముందే పొడిబారి ఉంటుంది. బట్టలో మిగిలిన సబ్బు దాన్ని ఇంకా మండిస్తుంది. పైగా మనలో చాలామంది వాడేది పప్పు ఉడకని బోరు నీళ్ళు. వాటిలో ఉండే సున్నపు లవణాలతో సబ్బు కలిసి తెట్టు కడుతుంది. ఆ తెట్టు నూలు పోగుల్లో పట్టుకుని ఒక పట్టాన వదలదు. గనుక నా అనుభవంలో సబ్బు పేరు కన్నా, బట్టలో ఎంత మిగిలింది అన్నదే ముఖ్యం.

ఇక కాస్టిక్ సోడా. ఇంట్లో చేసింది గనుక మెత్తగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఏ నూనెకు ఎంత కాస్టిక్ పడుతుందో సరిగ్గా తూచి వేయాలి. గ్లాసుతో కొలిస్తే కుదరదు. ఎక్కువైన కాస్టిక్ సబ్బులోనే మిగిలి చర్మాన్ని కాలుస్తుంది. నీళ్ళలో వేయగానే అది సెగలు కక్కుతుంది. మన వంటింటి సత్తు గిన్నెలను తినేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన కాస్టిక్ నీళ్ళు తాగిన మూడేళ్ళ బాబును తెచ్చారు. ప్రాణం దక్కింది గాని అన్నవాహిక కాలి ఇరుకైపోయింది. దాన్ని వెడల్పు చేయించడానికి ఆ తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి పెద్దాసుపత్రి చుట్టూ తిరిగారు. పిల్లలున్న ఇంట్లోకి ఆ డబ్బా రావద్దని నా మనవి. ఎప్పుడైనా అలా జరిగితే వాంతి చేయించకండి. నోరు నీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఒంటిమీద పడితే 20 నిమిషాలకు తక్కువ కాకుండా ధారగా నీళ్ళు పోసి, ఆపైన తీసుకురండి.

మరి దేనితో ఉతకాలి? కుంకుడుకాయలతో. పట్టుచీరలను, బంగారు గొలుసులను కుంకుడు రసంతో కడగడం మన అమ్మమ్మలు ఎరిగిన పనే. దీని రసం సబ్బులా క్షారం కాదు. ఉప్పు నీళ్ళలో కూడా తెట్టు కట్టదు.

పదిహేను కాయలు కొట్టి గింజలు తీసేయండి. పై తొక్కలను లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టండి. పొద్దున పావుగంట మరిగించి, చల్లారాక చేత్తో పిసికి, పలుచని గుడ్డలో వడకట్టండి. సగం బకెట్ గోరువెచ్చని నీళ్ళకు ఒక గ్లాసు రసం కలిపి, బట్టలు 20 నిమిషాలు నానబెట్టి, పిసికి, రెండుసార్లు జాడించి ఎండలో ఆరేయండి. రసం రెండు మూడు రోజులకు పులిసిపోతుంది. గనుక ఎప్పటికప్పుడు చేసుకోండి.

దీనికీ హద్దులున్నాయి. నూనె మరకలు సరిగా పోవు. తెల్లబట్టలకు కొంచెం రంగు పట్టవచ్చు. దొడ్డికి వెళ్ళిన పొత్తిగుడ్డలను ముందు విడిగా కడిగి, వేడినీళ్ళలో నానబెట్టాకే దీనితో ఉతకాలి. రసం కంట్లో పడితే బాగా మండుతుంది, పిల్లలకు అందనివ్వకండి. కొందరి ఒంటికి కుంకుడు కూడా పడదు. అలాంటివారు మానేయాలి.

కుంకుళ్ళకు తీరిక లేనివారు పొడే వాడండి, తప్పులేదు. ఎప్పుడూ వేసే దానిలో సగం వేయండి. సువాసనల ద్రావణాలు, యాంటీసెప్టిక్ ద్రావణాలు బిడ్డ బట్టలకు వద్దు. చివర నేను చేసిన పరీక్షే చేయండి. శుభ్రమైన నీళ్ళలో ఒక బట్ట ముంచి పిండండి. నురుగు వస్తే మళ్ళీ జాడించండి.

ఇంకొక మాట. పుట్టిన బిడ్డకు పాత బట్టలు వాడటం మన ఆచారం. ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన గుడ్డలను మాత్రం తీసి అలాగే చుట్టకండి. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డలకు ఆ ఉండల ఆవిరితో రక్తకణాలు విరిగి, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది.

అన్ని దురదలూ సబ్బు వల్లే రావు. ఇంటిల్లిపాదికీ రాత్రిపూట దురద పెడితే అది గజ్జి కావచ్చు. చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.

చివరిగా సంఘంలోని అన్నలకు, తమ్ముళ్ళకు ఒక మనవి. బట్టలు ఒకసారే జాడించే తల్లి సోమరిపోతు కాదు. బోరింగు దగ్గర నుంచి బిందెలు మోసి మోసి ఆమె నడుము పడిపోయింది. మీరు రోజూ రెండు బకెట్లు ఎక్కువ తెచ్చిపెడితే, బిడ్డ ఒంటికి ఏ ట్యూబూ చేయని మేలు చేసినవారవుతారు. వచ్చే కూడికకు అక్కలందరూ పదిహేనేసి కుంకుడుకాయలు తెచ్చుకోండి. రసం తీయడం అక్కడే చూపిస్తాను.